ముల్లు చూపే వేగం

గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు సాగే ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు స్పీడోమీటరు గంటకు 100 కిలోమీటర్లు చూపుతున్న సమయంలోనే, పక్క సీటులో కూర్చున్నవారి ఫోనులోని మ్యాపు 94 అనో 95 అనో చూపడం సైబరాబాద్ ఉద్యోగులకు ఇవాళ బాగా పరిచయమైన సంగతి. ఈ తేడాను కొందరు ఫోను లోపంగా, మరికొందరు కారు కంపెనీ చేసే మాయగా భావిస్తారు గాని, నిజానికి ఇది లోపమూ కాదు, మాయ అనదగినదీ కాదు. ఏ కొలతలోనైనా కొంత పొరపాటు తప్పదని గ్రహించిన తయారీదారులూ ప్రభుత్వాలూ, ఆ పొరపాటు ఎటువైపు ఒరగాలో ముందుగానే నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని నిబంధనగా రాసుకున్నందువల్ల ఏర్పడిన తేడా. ఆ నిర్ణయానికి రావడానికి మోటారు ప్రపంచానికి దాదాపు డెబ్బై అయిదేళ్ళు పట్టింది. హైదరాబాద్‌లో ఈ చరిత్ర నిజాం కాలపు మైళ్ళ మీటర్లతో మొదలై, రోడ్డు రవాణా సంస్థ బస్సుల మీదుగా సాగి, ఇప్పుడు హైటెక్ సిటీ కార్యాలయాల్లో రాసే సాఫ్ట్‌వేరు దాకా వచ్చింది.

మోటారు రాకముందు దక్కన్ ప్రాంతంలో దూరాన్ని కోసుల్లోనూ ఆమడల్లోనూ చెప్పుకున్నారే గాని, వేగాన్ని ఒక అంకెగా చెప్పుకోవలసిన అవసరం జనానికి కలగలేదు. ఫలానా ఊరు పూట ప్రయాణమనో, రెండు రోజుల బండి దారి అనో అంటే సరిపోయేది. దూరాన్నీ కాలాన్నీ కలిపి, నడుస్తున్న క్షణంలోనే వేగాన్ని చూపగల పరికరం కోసం తొలి ప్రయత్నాలు పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో జరిగాయి. ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలోని ఇస్ట్రియా ప్రాంతానికి చెందిన యోసిప్ బెలుషిచ్ 1888లో గుర్రపు బండ్ల వేగం కొలిచే విద్యుత్ పరికరానికి పేటెంటు పొంది, మరుసటి ఏడు పారిస్‌లో జరిగిన విశ్వప్రదర్శనలో దాన్ని ప్రదర్శించాడు. అయితే కార్లలో స్థిరపడినది అది కాదు. స్ట్రాస్‌బర్గ్ నగరానికి చెందిన ఒట్టో షుల్జే 1902లో పేటెంటు తీసుకున్న అయస్కాంత మీటరే ఆ తరువాత ఎనభై తొంభై ఏళ్ళపాటు ప్రపంచంలోని కార్లను, లారీలను, స్కూటర్లను ఏలింది.

షుల్జే మీటరు పనిచేసే తీరు తెలిస్తేనే దాని బలహీనతా తెలుస్తుంది. గేరుబాక్సు నుంచి గాని ముందు చక్రం నుంచి గాని బయలుదేరే వంగే కేబుల్, మెకానిక్కులు మీటరు వైరు అని పిలిచేది, డాష్‌బోర్డు వెనుక ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతం మీద, దాన్ని తాకకుండా, పల్చని అల్యూమినియం గిన్నె బోర్లించి ఉంటుంది. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు. కానీ అయస్కాంతం తిరిగేటప్పుడు గిన్నె లోహంలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలు పుట్టి, వాటి ప్రభావం వల్ల గిన్నె కూడా అయస్కాంతం వెంట తిరగబోతుంది. గడియారాల్లో ఉండేలాంటి సన్నని చుట్ట స్ప్రింగు గిన్నెను వెనక్కి లాగుతుంది. ఈ రెండు బలాలూ సరిసమానమైన చోట గిన్నె ఆగుతుంది, గిన్నెకు బిగించిన ముల్లు ఆ చోటును అంకెగా చూపుతుంది. పరికరంలో పళ్ళచక్రాలతో లెక్క తేలేది దూరం ఒక్కటే. వేగం మాత్రం అయస్కాంత బలం, స్ప్రింగు బిగువు, గిన్నె మందం అనే మూడింటి మధ్య కుదిరిన రాజీ. ఎండ ముదిరి డాష్‌బోర్డు కాలిపోతున్నప్పుడు అయస్కాంతం బలం కొంత తగ్గుతుంది, అల్యూమినియం విద్యుత్ నిరోధం పెరుగుతుంది, దాంతో ముల్లు కాస్త కిందికి జారుతుంది. దీన్ని సరిదిద్దడానికి అయస్కాంతానికి నికెల్–ఇనుము మిశ్రమలోహపు ముక్కను అమర్చే పద్ధతి వచ్చింది. ఏళ్ళు గడిచేకొద్దీ స్ప్రింగు అలసిపోవడం, కేబుల్‌లో నూనె ఎండి ముల్లు వణకడం, చివరికి కేబుల్ తెగి ముల్లు సున్నా దగ్గరే పడి ఉండటం మామూలైపోయాయి. పాత లారీల్లో ఆ స్థితిని ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు.

హైదరాబాద్ సంస్థానంలోకి మోటారు కార్లు వచ్చిన కాలమూ ఈ మీటరు వ్యాపించిన కాలమూ ఒకటే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరు ఇచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్, ఆయన 1911లో మరణించాక, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. సింహాసనంలాంటి ఆసనంతో కట్టించిన ఆ ఊరేగింపు కారు దశాబ్దాల తరబడి నడిచినది 356 మైళ్ళేనని ప్రతీతి. అటువంటి కారుకు వేగం చూపే ముల్లు అలంకారమే. వేగం పాలనావసరంగా మారింది కార్లతో కాదు, బస్సులతో. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించాక, వేళకు బయలుదేరి వేళకు చేరడమన్నది రైలు నుంచి రోడ్డుకు పాకింది. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారిన వ్యవస్థకు మూలం ఆ 27 బస్సులే.

ఆ మీటర్లన్నీ మైళ్ళలో చూపేవి. 1956లో భారత పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసిన తరువాత దేశం దశాంశ పద్ధతిలోకి మారుతూ రాగా, దారి పక్కన మైలురాళ్ళు కిలోమీటరు రాళ్ళుగా మారాయి. కార్లూ లారీలూ మాత్రం ఒక్కసారిగా మారవు గనుక, ముల్లు మైళ్ళలోనూ రాయి కిలోమీటర్లలోనూ మాట్లాడే కాలం ఒకటి గడిచింది. 40 చూపే ముల్లు నిజంగా 64 కిలోమీటర్ల వేగమని డ్రైవరు మనసులో లెక్క కట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఫోనుకూ మీటరుకూ మధ్య ఉన్న అయిదారు కిలోమీటర్ల తేడాను ఒక వింతగా చెప్పుకుంటున్నాం గాని, ముల్లుకూ రోడ్డుకూ మధ్య ఇంతకంటే పెద్ద ఎడాన్ని మోసిన తరం ఒకటుంది.

ఇక పొరపాటుకు అసలు మూలం డాష్‌బోర్డులో కాక చక్రంలోనే ఉంది. కారుకు తన వేగం తెలియదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో మాత్రమే తెలుసు. ఒక్కో చుట్టుకు ఇంత దూరమని తయారీదారుడు అనుకున్న అంకెతో గుణిస్తే వేగం వస్తుంది, ఆ అంకె తప్పితే వేగమూ తప్పుతుంది. చిన్న కార్లలో విరివిగా కనిపించే 185/65 ఆర్15 టైరునే తీసుకుంటే, 185 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 65 అనేది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలిపే అంకె, 15 అనేది లోపలి రిమ్ము వ్యాసం అంగుళాల్లో. రిమ్ము 381 మిల్లీమీటర్లు, రెండు వైపులా పక్కగోడలు కలిపి 240.5, మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. బరువుకు టైరు కాస్త అణగిపోవడాన్ని పక్కన పెడితే, ఈ చక్రం కిలోమీటరుకు సుమారు 512 చుట్లు తిరుగుతుంది. కొత్త టైరు మీద సుమారు 8 మిల్లీమీటర్ల లోతుండే గాడి, మార్చక తప్పని 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగితే వ్యాసం 12.8 మిల్లీమీటర్లు తగ్గి, అదే కిలోమీటరుకు 523 చుట్లు అవసరమవుతాయి. అంటే రోడ్డు మారలేదు, ఇంజను మారలేదు. టైరు అరిగినందుకే ముల్లు రెండు శాతం ఎక్కువ చెబుతుంది. గాలి తగ్గినా ఇదే దిశలో కొంత మార్పు వస్తుంది. దీనికి విరుద్ధంగా, అందం కోసమో పట్టు కోసమో 195/65 టైర్లు వేయిస్తే చుట్లు సుమారు 502కు పడిపోయి, ముల్లు మునుపటికంటే రెండు శాతం తక్కువ చూపుతుంది; 205/65 వేస్తే నాలుగు శాతం.

ఇన్ని మార్పుల మధ్య కచ్చితమైన వేగం చూపమని తయారీదారుణ్ణి శాసించడం సాధ్యం కాదని ప్రభుత్వాలు త్వరగానే గ్రహించాయి. బ్రిటన్ 1937లో కొత్త కార్లకు స్పీడోమీటరు తప్పనిసరి చేసినప్పుడు, నిజ వేగానికి పది శాతం ఎక్కువైనా తక్కువైనా సరేనన్నది. ఇందులో ఒక చిక్కుంది: ముల్లు తక్కువ చూపే మీటరు చేతికొచ్చిన డ్రైవరు పరిమితి లోపలే ఉన్నానని నమ్ముతూ చట్టాన్ని అతిక్రమిస్తాడు, జరిమానా పడితే తప్పు తనదో మీటరుదో తేలదు. ఈ చిక్కును విప్పినది 1975 నాటి ఐరోపా ఆర్థిక సమాజ ఆదేశం. అది చెప్పిన సూత్రమే ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘపు 39వ నియమంలోనూ ఉంది. మీటరు చూపే వేగం నిజ వేగానికి ఎన్నడూ తక్కువ కారాదు; ఎక్కువ కావచ్చు గాని, ఆ ఎక్కువ నిజ వేగంలో పదో వంతుకు గంటకు 4 కిలోమీటర్లు కలిపిన దానిని మించరాదు. నిజంగా 80లో పోతున్న కారు మీటరు 80కీ 92కీ మధ్య ఎక్కడ ఉన్నా నియమబద్ధమే. 120లో పోతున్నప్పుడు 136 దాకా చూపవచ్చు. తిరగేసి చూస్తే, ముల్లు 120 దగ్గర ఉన్న కారు నిజ వేగం 105.5 నుంచి 120 వరకు ఎంతైనా కావచ్చు.

ఈ నియమం ఒక వైపు తలుపును పూర్తిగా మూసేసింది గనుక తయారీదారుడు చేయగలిగినది ఒక్కటే. ఒకే కర్మాగారంలో తయారైన మీటర్లు, టైర్లు అన్నీ అచ్చంగా ఒకేలా ఉండవు. కొత్త టైరు, నిండుగా గాలి, అనుమతించిన టైర్లలో అన్నిటికంటే పెద్దది, ఈ మూడూ ఒకే కారులో కలిసినా ముల్లు కిందికి జారకూడదంటే, మొత్తం లెక్కను ముందే మూడు నాలుగు శాతం పైకి జరపాలి. మామూలు కారులో కనిపించే అయిదారు కిలోమీటర్ల తేడాకు ప్రధాన కారణం ఇదే. దూరం లెక్కించే ఓడోమీటరుకు మాత్రం ఈ మొగ్గు కలపరు. వారంటీ, అద్దె, పాత కారు ధర అన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి గనుక అక్కడ ఒక వైపుకు ఒరిగితే వినియోగదారుడు నష్టపోతాడు. అమెరికాలో తమ ఓడోమీటర్లు ఎక్కువ లెక్కించాయన్న వ్యాజ్యంలో హోండా రాజీపడి వారంటీ మైళ్ళను అయిదు శాతం పెంచవలసి వచ్చింది. అదే దేశంలో సొంత కార్ల స్పీడోమీటరు కచ్చితత్వానికి సమాఖ్య స్థాయి నిబంధన లేదు. వాణిజ్య వాహనాలకు మాత్రం 50 మైళ్ళ వద్ద 5 మైళ్ళు అటూ ఇటూ ఉండవచ్చునన్న హద్దు ఉంది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 117వ నియమం స్పీడోమీటరు గురించినది, దాని సాంకేతిక ప్రమాణం ఐఎస్ 11827. ఇక్కడి కర్మాగారాల నుంచి ఐరోపా పద్ధతి పాటించే దేశాలకు కార్లు ఎగుమతి అవుతున్నందువల్ల, ముల్లును పైకి ఒరిపే అలవాటు మన రోడ్ల మీదికీ సహజంగానే వచ్చింది.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించే నాటికి, భారతీయ కార్లలో చాలా వాటిలో షుల్జే నాటి కేబుల్, అయస్కాంతం, గిన్నె ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. తరువాతి దశాబ్దంన్నరలో అవి దాదాపు కనుమరుగయ్యాయి. కేబుల్ స్థానంలో సెన్సరు వచ్చింది. చక్రం తిరుగుడుతో పుట్టే విద్యుత్ స్పందనలను అది కంప్యూటరుకు పంపుతుంది, కంప్యూటరు వేగం లెక్కగట్టి, నియమం కోరే మొగ్గును కలిపి, డాష్‌బోర్డుకు అందిస్తుంది. ముల్లు ఉంటే చిన్న మోటారు దాన్ని తిప్పుతుంది, లేకపోతే తెర మీద అంకె వెలుగుతుంది. అంటే పూర్వం స్ప్రింగు బిగువులో కలిసిపోయి ఉండిన మొగ్గు ఇప్పుడు ఒక పంక్తి సాఫ్ట్‌వేరు. కారు లోపలి కంప్యూటరుకు నిజ వేగానికి దగ్గరైన అంకె తెలుసు. డ్రైవరుకు చూపేది వేరొక అంకె. స్టీరింగు కింద ఉండే పరీక్షా ద్వారానికి యంత్రం తగిలించి చదివితే చాలా కార్లలో ఈ రెండూ వేరువేరుగా కనిపిస్తాయి. పూర్వపు మీటరు తెలియక తప్పు చూపితే, నేటి మీటరు తెలిసి ఎక్కువ చూపుతుంది.

విశేషమేమంటే, కారు లోపలి ఎలక్ట్రానిక్స్‌కూ, దానికి పోటీగా నిలిచిన ఫోను మ్యాపుకూ సంబంధించిన ఇంజనీరింగు పని కొంత హైదరాబాద్‌లోని ఈ ఒక్క ఐటీ కారిడార్‌లోనే జరుగుతోంది. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ ఎదుట, 2006లో ఏర్పడిన హ్యుందాయ్ ఇంజనీరింగు కేంద్రం ఉంది. నానక్‌రామ్‌గూడలో 2017లో జర్మనీకి చెందిన వాహన భాగాల సంస్థ జడ్ఎఫ్ సాంకేతిక కేంద్రం తెరిచింది. అదే నానక్‌రామ్‌గూడలోని వేవ్‌రాక్ భవనంలో 2016 మే 19న యాపిల్ అధిపతి టిమ్ కుక్ ఆ సంస్థ మ్యాపుల అభివృద్ధి కార్యాలయాన్ని ప్రారంభించాడు.

ఫోను చక్రాన్ని నమ్మదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, కదలిక వల్ల ఆ సంకేతాల పౌనఃపున్యంలో వచ్చే స్వల్పమైన మార్పు నుంచి, అంటే డాప్లర్ ప్రభావం నుంచి, వేగాన్ని రాబడుతుంది. ఆకాశం తెరిపిగా ఉన్న దారిలో నిలకడ వేగంతో పోతున్నప్పుడు ఈ అంకె ముల్లు కంటే నిజానికి దగ్గర. రాయదుర్గం అద్దాల భవనాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి చెదురుతాయి గనుకా, వేగం హఠాత్తుగా మారినప్పుడు ఫోను ఒకటి రెండు క్షణాలు వెనకబడుతుంది గనుకా, అక్కడ దాన్నీ పూర్తిగా నమ్మలేం. ఈ జీపీఎస్‌లో సైతం ఒకప్పుడు కావాలని కలిపిన పొరపాటు ఉండేది: పౌరులకు అందే సంకేతాలను అమెరికా సైనిక కారణాలతో బుద్ధిపూర్వకంగా మసకబార్చేది, 2000 మే నెలలో ఆ పని మానుకుంది. ఉపగ్రహం పొరపాటు కలపడం మానేశాకే స్పీడోమీటరు మొగ్గు సామాన్యుడి కంట పడింది.

మూడో కొలత పోలీసులది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి–శంషాబాద్ భాగం 2008లో తెరుచుకున్న తరువాత, హైదరాబాద్ డ్రైవరుకు తొలిసారిగా మూడంకెల వేగం రోజువారీ విషయమైంది. అంతకుముందు 100గా ఉన్న గరిష్ఠ పరిమితిని 2023లో 120కి పెంచారు. నగరం లోపల హద్దులు వేరు: 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవరు మీద 40 కిలోమీటర్ల హద్దు ఉన్న చోట 100 దాటిన వేగంతో వచ్చిన కారు పైనుంచి కిందికి పడటంతో ఒక మహిళ చనిపోయాక, ఆ వంతెనను మూసి, వేగ నియంత్రణ ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో తిరిగి తెరిచారు, దుర్గం చెరువు తీగల వంతెన మీద 35కే పరిమితం చేశారు. లేజర్ స్పీడ్ గన్ సెకనులో కొద్ది భాగంలోనే అనేక కాంతి స్పందనలను కారు మీదికి పంపి, అవి తిరిగి వచ్చే కాలంలోని మార్పు నుంచి వేగం కడుతుంది; దానికి టైరుతో పని లేదు. అయితే గన్ను రోడ్డుకు నేరుగా కాక పక్క నుంచి గురిపెడతారు గనుక అది కొలిచేది వేగంలోని ఒక భాగాన్నే. కోణం పది డిగ్రీలైతే 100కు బదులు 98.5 కనిపిస్తుంది.

ముల్లు ఎక్కువ వైపు ఒరుగుతుంది, గన్ను తక్కువ వైపు ఒరుగుతుంది, రెండు పొరపాట్లూ డ్రైవరునే కాపాడతాయి. ఈ కాపుదల నుంచి పుట్టిన దురలవాటే ఈ చరిత్రలో విచారించదగిన భాగం. ముల్లు 125 చూపినా చలాన్ రాని డ్రైవరు, పోలీసులు అయిదారు కిలోమీటర్లు చూసీచూడనట్టు పోతారని తీర్మానించుకుంటాడు. నిజానికి అతడు ప్రయాణించింది 118లో. మీటరులో ఎలాగూ ఎక్కువే ఉంటుందని తెలిసినవాడు ఆ ఎక్కువను ముందే తీసివేసి కాలు మరికాస్త నొక్కుతాడు. జాగ్రత్త కోసం కలిపిన మొగ్గును జనం కనిపెట్టి వాడుకోవడం మొదలుపెట్టాక, ఆ మొగ్గు ఉద్దేశం సగం వృథా అయినట్టే. తెర మీద అంకెలు వెలిగే కార్లలోనైనా ఈ మొగ్గును ఒకటి రెండు శాతానికి కుదించడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. పాత అయస్కాంతాల కాలానికి రాసిన విశాలమైన హద్దును సెన్సర్ల కాలంలో కొనసాగించడానికి సౌకర్యం తప్ప గట్టి కారణం కనిపించదు. సాయంత్రం ఆరు గంటలకు మైండ్‌స్పేస్ కూడలిలో పాకే కార్లకు ఈ చర్చ అంతా అనవసరమన్నది వేరే మాట.

తన కారు మొగ్గు ఎంతో తెలుసుకోగోరినవారికి ఫోను కూడా అక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రద్దీ లేని వేళ ముల్లును 100 దగ్గర నిలకడగా ఉంచి, కిలోమీటరు గుర్తులను బట్టి పది కిలోమీటర్లకు పట్టిన కాలాన్ని పక్కన కూర్చున్నవారు లెక్కపెడితే చాలు: సరిగ్గా ఆరు నిమిషాలైతే మీటరు నిజం చెబుతున్నట్టు, 6 నిమిషాల 23 సెకన్లు పడితే అసలు వేగం 94. టైర్ల కొలత మార్చినవారు ఈ పరీక్ష తప్పక చేయాలి, ఎందుకంటే ముల్లు ఎన్నడూ తక్కువ చూపదన్న హామీ కంపెనీ అనుమతించిన టైర్లకే వర్తిస్తుంది. చలాన్ మీద అచ్చయ్యేది గన్ను కొలిచిన అంకె. కారు మీటరు ఆ సమయంలో ఎంత చూపిందన్నది అందులో ఉండదు.